గేమ్‌కీ పాటకీ ఒకే హెడ్‌ఫోన్ చాలు, మైకు మాత్రం విడిగా కొనుక్కో

ప్రశ్న: అన్నా, మాది కాకినాడ. ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి టెస్టింగ్ పని చేస్తాను. పగలు పని చేసుకుంటూ పాటలు వింటాను, ఎక్కువగా ఎనభైల, తొంభైల పాటలు, మధ్యమధ్యలో కొత్త మాస్ బీట్లు. రాత్రి పది దాటాక ఫ్రెండ్స్‌తో వాలరెంట్ గేమ్. ఇప్పుడున్నది మూడు వేల రూపాయల గేమింగ్ హెడ్‌సెట్, చెవి కుషన్ల రెక్సిన్ పెచ్చులు పెచ్చులుగా రాలి చెవులకి అంటుకుంటోంది. లాప్‌టాప్‌కి ఉన్నది ఒకటే జాక్, ఛార్జింగ్ పెడితే సన్నగా గుయ్‌మని మోత. 15 వేలు దాచాను. ఒక ఫ్రెండ్ చుట్టుపక్కల నుంచి శబ్దం వచ్చినట్టు చేసే 7.1 గేమింగ్ హెడ్‌సెట్ తీసుకోమంటాడు, ఇంకొకడు నాయిస్ క్యాన్సిలింగ్ బ్లూటూత్ అంటాడు, యూట్యూబ్‌లో చూస్తే శబ్దాన్ని పెంచే యాంప్ లేకుండా మంచి హెడ్‌ఫోన్ దండగ అంటున్నారు. గది నా ఒక్కడిదే, కాకపోతే అమ్మ పిలిస్తే వినపడట్లేదని రోజూ తిట్లు. ఏం కొనమంటావు?

జవాబు: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నా. నీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చినవి రెండు ముక్కలు: గది నీ ఒక్కడిదే అన్నదీ, అమ్మ పిలిస్తే వినపడట్లేదన్నదీ. హెడ్‌ఫోన్ గురించి అడిగేవాళ్లు పది మోడళ్ల పేర్లు రాస్తారు గానీ ఎక్కడ కూర్చుని వింటారో, పక్కన ఎవరుంటారో రాయరు. అది తెలియకుండా ఏ మోడల్ చెప్పినా గుడ్డిగా చెప్పినట్టే.

ముందు జవాబు ఇచ్చేస్తా, ఎందుకో తర్వాత మాట్లాడుకుందాం. వైరుండే, కప్పు వెనక మూత బదులు జాలీ ఉన్న ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ ఒకటి, మామూలు స్టీరియోది, లైట్లూ గీట్లూ లేనిది. విడిగా ఒక చిన్న యూఎస్‌బీ మైకు. ఆ గుయ్‌మనే మోతకి వెయ్యి రూపాయల దరిదాపుల్లో దొరికే యూఎస్‌బీ డాంగిల్, అంటే లాప్‌టాప్‌కి గుచ్చి దానికి హెడ్‌ఫోన్ తగిలించుకునే చిన్న ముక్క. యాంప్ వద్దు, 7.1 వద్దు, ఈ పనికి బ్లూటూత్ అసలే వద్దు. మోడల్ పేరు కూడా నువ్వే చెప్పు అంటే సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్.

ఇప్పుడు మొదటి ఫ్రెండ్ మాట. గేమింగ్ హెడ్‌సెట్ అని పెట్టె మీద రాసి ఉంటే లోపల గేమ్ కోసం ప్రత్యేకంగా ఏదో ఉందనుకుంటాం. బాగా పేరు తెచ్చుకున్న హెడ్‌సెట్ల పుట్టుక చూస్తే సంగతి తెలుస్తుంది. హైపర్‌ఎక్స్ క్లౌడ్ అని ఇన్నేళ్లుగా అందరూ మెచ్చుకునే హెడ్‌సెట్ ఉంది కదా, అది టాక్‌స్టార్ అనే చైనా కంపెనీ చేసే ప్రో 80 అనే స్టూడియో మానిటర్ హెడ్‌ఫోన్ నుంచి పుట్టినది, దానికి మైకు తగిలించారు. బేయర్‌డైనమిక్ వాళ్ల ఎంఎంఎక్స్ 300కి మూలం డీటీ 770, అది రికార్డింగ్ స్టూడియోల్లో దశాబ్దాలుగా నడుస్తున్న సరుకు. అంటే మంచి గేమింగ్ హెడ్‌సెట్ అనేది చాలాసార్లు ఒక మంచి హెడ్‌ఫోన్, దానికో మైకు, అంతే. మరి ఆ రెండూ విడివిడిగా కొంటే వచ్చే లాభం ఏంటంటే, మైకు పాడైతే మైకే మారుస్తావు, హెడ్‌ఫోన్ పదేళ్లు ఉంటుంది. కలిపి కొంటే ఆ మైకు పుల్ల విరిగిన రోజున మొత్తం మూలన పడుతుంది. పైగా అదే ధరలో లైట్లకీ, సాఫ్ట్‌వేర్‌కీ, డాంగిల్‌కీ, మైకుకీ డబ్బు పంచేశాక శబ్దానికి మిగిలేది ఎంతో నువ్వే లెక్క వేసుకో.

పెట్టె మీద ‘50 ఎంఎం డ్రైవర్’ అనీ, ‘10 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్’ అనీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వాటిని పట్టించుకోకు. డ్రైవర్ అంటే లోపలి స్పీకరే, దాని సైజుకీ శబ్దం నాణ్యతకీ సూటి లెక్కేం లేదు. మనిషి చెవి వినేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్, వయసు పెరిగే కొద్దీ అదీ తగ్గుతుంది.

7.1 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నీకున్నవి రెండు చెవులు, హెడ్‌ఫోన్‌లో ఉన్నవి రెండు స్పీకర్లు. 7.1 అని అమ్మేవాటిలో దాదాపు అన్నీ ఈ రెండు స్పీకర్లతోనే సాఫ్ట్‌వేర్ చేసే లెక్క. అసలు మనకి దిక్కు ఎలా తెలుస్తుంది? కుడి పక్క నుంచి చప్పుడు వస్తే అది కుడి చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడాతో ముందు చేరుతుంది, కాస్త గట్టిగా వినపడుతుంది, ఎడమ చెవికి వెళ్లేసరికి తల అడ్డొచ్చి పదునైన శబ్దాలు కొంత తగ్గుతాయి. ముందా వెనకా, పైనా కిందా అన్నది చెవి డొప్పలోని మడతలు శబ్దాన్ని మార్చే తీరుని బట్టి మెదడు పసిగడుతుంది. ఈ మార్పులన్నిటినీ లెక్క కట్టి మామూలు స్టీరియోలోనే దిక్కు తెలిసేలా చేసే పద్ధతిని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. వాలరెంట్‌లో ఇది 2021లో వచ్చింది, ఆడియో సెట్టింగుల్లో ఉంటుంది. ఇది ఆన్ చేసుకో, స్పీకర్ కాన్ఫిగరేషన్ స్టీరియోలో ఉంచు, విండోస్‌లో స్పేషియల్ సౌండ్ అన్నది ఆపేయ్. ఎందుకంటే శత్రువు ఎక్కడున్నాడో గేమ్‌కి కచ్చితంగా తెలుసు, ఆ లెక్క గేమ్ వేస్తేనే సరిగ్గా వస్తుంది. దాని మీద హెడ్‌సెట్ వాళ్ల 7.1 కూడా వేస్తే పప్పులో ఒకసారి ఉప్పు వేశాక ఇంకొకరు వచ్చి మళ్లీ వేసినట్టు ఉంటుంది. అడుగుల చప్పుడు ఏదో హాల్లోంచి వచ్చినట్టు మారుమోగుతూ, దూరంగా మారిపోతుంది. సీఎస్2, అంటే కౌంటర్ స్ట్రైక్ 2 గేమ్‌లో కూడా ఇదే సూత్రం. సినిమాలు చూసేటప్పుడు సరదాగా కావాలంటే విండోస్‌లోనే విండోస్ సోనిక్ అని ఉచితంగా ఉంది, దానికోసం హెడ్‌సెట్ కొనక్కర్లేదు.

ఇంకో మాట, షిఫ్ట్ నొక్కి నడిచేవాడి అడుగుల చప్పుడు ఏ హెడ్‌ఫోన్‌లోనూ వినపడదు. గేమే ఆ శబ్దం పెట్టదు. లక్ష రూపాయలది కొన్నా వెనక నుంచి వచ్చి పొడిచేవాడు పొడుస్తాడు.

మరి గేమ్‌లో హెడ్‌ఫోన్ చేసేది ఏంటి అంటే, ముఖ్యంగా అడ్డం రాకుండా ఉండడం. అడుగుల చప్పుడు, గన్ రీలోడ్, డోర్ శబ్దం ఇవన్నీ మధ్య, పై శ్రుతుల్లో ఉంటాయి. చవక గేమింగ్ హెడ్‌సెట్లలో గుండెలదిరేలా బేస్ పెంచి పెడతారు, కొట్లో పెట్టుకుని విన్న రెండు నిమిషాలకి అబ్బా అనిపించడానికి. గేమ్‌లో పక్కన ఒక బాంబు పేలగానే ఆ బేస్ మిగతావన్నీ మింగేస్తుంది. పాటలో కూడా అంతే, గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది. కాబట్టి గేమ్‌కి మంచిది, పాటకి మంచిది అని రెండు రకాలు లేవు. ఉన్నదున్నట్టు వినిపించేది రెండిటికీ పనికొస్తుంది.

రెండో ఫ్రెండ్ చెప్పిన బ్లూటూత్. నాయిస్ క్యాన్సిలింగ్ మంచి విద్యే, ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజను లాంటి ఆగకుండా వచ్చే బొంగురు మోతని బాగా తగ్గిస్తుంది, మనుషుల మాటల్ని అంతగా ఆపలేదు. నువ్వు రోజూ రెండు గంటలు ఎంఎంటీఎస్‌లోనో బస్సులోనో తిరిగేవాడివైతే అదే కొనమనేవాణ్ని. నీ సమస్య వేరు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు, మామూలు ఎస్‌బీసీ కోడెక్‌లో ఆ ఆలస్యం సెకనులో పదో వంతు దాటి రెండు, మూడు పదో వంతుల దాకా పోతుంది. పాటకి ఫరవాలేదు, సినిమాకి ప్లేయరే సర్దుతుంది, గేమ్‌లో మాత్రం నువ్వు చచ్చాక తుపాకీ శబ్దం వినపడుతుంది. దాని కన్నా చిరాకు ఇంకొకటుంది. లాప్‌టాప్‌లో బ్లూటూత్ హెడ్‌ఫోన్ మైకు ఆన్ అయిన క్షణంలో, అంటే డిస్కార్డ్‌లోనో టీమ్స్‌లోనో కాల్ కలవగానే, చాలా సెట్లు కాల్స్ మోడ్‌లోకి మారిపోయి స్టీరియో పోయి పాత ల్యాండ్‌లైన్ ఫోన్ శబ్దం వస్తుంది. హెడ్‌ఫోన్ పాడైందేమో అని టెన్షన్ పడి వాపసు పంపేవాళ్లు ఉన్నారు. ఎల్‌ఈ ఆడియో అని కొత్త పద్ధతి దీన్ని సరిచేయగలదు గానీ లాప్‌టాప్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ రెండిట్లో ఉంటేనే. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్లలో ఈ ఆలస్యం గొడవ లేదు, గేమ్‌కి అవి బాగానే ఉంటాయి, కాకపోతే లోపలి బ్యాటరీ ఎన్నాళ్లుంటే హెడ్‌సెట్ అన్నాళ్లు. కుర్చీలోంచి కదలని మనిషికి వైరుతో వచ్చిన కష్టమేంటో నాకు అర్థం కాదు.

ఇక ఓపెన్ బ్యాక్. పేరు చూసి చాలామంది వదిలేస్తారు. చెవి మీద కూర్చునే కప్పుకి వెనక వైపు మూత ఉండదు, జాలీ ఉంటుంది. స్పీకర్ వెనక నుంచి వచ్చే శబ్దం ఆ జాలీలోంచి బయటికి పోతుంది, డొప్పలో గోడలకి కొట్టుకుని తిరిగి రాదు. దాంతో పాట తల మధ్యలో ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త చుట్టూ పరుచుకుని వస్తుంది, ఎనభైల పాటల్లో ఒక పక్క వయొలిన్ల గుంపు, ఇంకో పక్క గిటారు, వెనక ఎక్కడో బేస్ గిటార్ వేసే వరుస ఇవన్నీ దేనికది విడిగా పట్టుకోవచ్చు. నువ్వు వినే పాటలకి ఇది మామూలు తేడా కాదు, వందసార్లు విన్న పాటలో ఒక వాయిద్యం ఉన్నట్టే తెలియకపోయి ఉంటుంది, ఇప్పుడు తెలుస్తుంది. గేమ్‌లో దిక్కు పట్టుకోవడమూ తేలికే. గాలి ఆడుతుంది, మే నెల కాకినాడ ఉక్కపోతలో మూడు గంటలు పెట్టుకున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. అన్నిటికీ మించి బయటి శబ్దం లోపలికి వస్తుంది. అమ్మ పిలుపు, కాలింగ్ బెల్, కుక్కర్ విజిల్ అన్నీ.

లోపం కూడా అదే. ఫ్యాన్ మోత కూడా లోపలికి వస్తుంది, నీ పాట కూడా బయటికి పోతుంది. గదిలో తమ్ముడు పరీక్షలకి చదువుతున్నా, పక్క మంచం మీద ఎవరైనా పడుకున్నా ఓపెన్ బ్యాక్ పెట్టుకోకూడదు. హైదరాబాద్‌లో ముగ్గురు కలిసుండే హాస్టల్ గది నుంచి ఎవరైనా ఇదే ప్రశ్న రాస్తే వాళ్లకి మూసి ఉండేవే చెప్తాను, ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ గానీ, డీటీ 770 ప్రోలో 80 ఓమ్‌ల రకం గానీ. 770కి చెవుల దగ్గర మెత్తటి ముఖమల్ బట్ట ఉంటుంది, హాయిగా ఉంటుంది, కొంచెం బేస్ ఎక్కువ, వైరు మాత్రం ఊడదీయడానికి రాదు.

కుషన్ల మాట వచ్చింది కాబట్టి, నీ పాత హెడ్‌సెట్‌ది రాలిపోవడం నువ్వు సరిగ్గా వాడకపోవడం వల్ల కాదు. ఆ రెక్సిన్ పైపొర సాధారణంగా పాలియురెథేన్, గాలిలో తేమా చెమటా తగిలి నెమ్మదిగా విడిపోతుంది, సముద్రం పక్కన ఊళ్లలో ఇంకా ముందే. కొత్తది కొనేటప్పుడు బట్ట కుషన్ ఉన్నది చూసుకో, విడిగా కుషన్లు దొరుకుతాయో లేదో కూడా చూసుకో. 560ఎస్‌కి వెల్వెట్ లాంటి బట్టే, కుషన్లు విడిగా దొరుకుతాయి.

560ఎస్ ఎందుకు చెప్తున్నానంటే, 2020లో వచ్చిన మోడల్, బరువు 240 గ్రాములు, తల మీద ఉన్న సంగతే మర్చిపోతావు. ఓపెన్ బ్యాక్‌లలో చాలావాటికి కింది బేస్ తొందరగా సన్నబడిపోతుంది, ఇది ఆ విషయంలో నయం. గొంతు సహజంగా వస్తుంది. అంతా ప్లాస్టిక్, చేతిలో పట్టుకుంటే ఇంత డబ్బు పెట్టిన వస్తువులా అనిపించదు, అది నిజం. పై శ్రుతులు కాస్త ఎక్కువగానే ఉంటాయి, అడుగుల చప్పుడికి మంచిదే, కొన్ని పాటల్లో ‘స’, ‘శ’ అక్షరాలు కొంచెం గుచ్చుకోవచ్చు. గేమర్లు బాగా పొగిడే డీటీ 990 ప్రోలో ఇదే గుణం ఇంకా చాలా ఎక్కువ. గేమ్‌లో అద్భుతం అంటారు, నిజమే, కానీ పాత పాటల్లో పైస్థాయిలో సాగే ఆడగొంతు గంటసేపు దాంట్లో వింటే చెవులు జివ్వుమంటాయి. అందుకే నీకు అది వద్దంటున్నా. హైఫైమ్యాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ ఇంకో మంచి సరుకు, ప్లానార్ అనే వేరే రకం డ్రైవర్, బేస్ చివరిదాకా బిగువుగా ఉంటుంది, కానీ బరువు ఎక్కువ, కరెంటు ఎక్కువ లాగుతుంది, నీ లాప్‌టాప్ జాక్‌కి తగదు. ధరలు నెలకోలా మారుతుంటాయి కాబట్టి అంకెలు రాయట్లేదు. 560ఎస్ మామూలు రోజుల్లో నీ బడ్జెట్ దాటేలా ఉంటే దసరా, దీపావళి సేల్ దాకా ఆగు, నెల రోజులు ఆ పెచ్చుల హెడ్‌సెట్ మీద పాత టీషర్టు గుడ్డ చుట్టుకుని గడిపేయొచ్చు.

యాంప్ లేకపోతే దండగ అన్న మాట సగం నిజం. యూట్యూబ్‌లో ఓమ్‌లు, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకి ఇచ్చే అడ్డు, చూపించి భయపెడతారు. 560ఎస్ 120 ఓమ్‌లు. ఓమ్‌ల కన్నా ముందు చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇంత వోల్టేజీ ఇస్తే ఇంత మోత అన్న లెక్క. దీనికి ఒక వోల్ట్‌కి 110 డెసిబెల్స్ అని కంపెనీయే చెప్తుంది. లాప్‌టాప్ జాక్‌లూ చిన్న డాంగిళ్లూ చాలావరకు ఒక వోల్ట్ దరిదాపుల్లో ఇస్తాయి, 110 డెసిబెల్స్ అంటే చెవి తట్టుకునే మోత కాదు, నీకు అందులో సగం వాల్యూమ్ కూడా అక్కర్లేదు. అదే డీటీ 990 ప్రో 250 ఓమ్‌ల రకానికి అదే ఒక వోల్ట్‌కి లెక్క వేస్తే 102 దగ్గర వస్తుంది. కొత్త పాటలకి అదీ చాలు, తక్కువ లెవెల్‌లో ఎక్కించిన పాత పాటలకీ, మెల్లగా మొదలయ్యే వీణ కచేరీకీ మాత్రం వాల్యూమ్ చివరిదాకా పెట్టినా ఇంకొంచెం ఉంటే బాగుండు అనిపిస్తుంది. అలాంటివాటికీ, 300 ఓమ్‌ల హెచ్‌డీ 600, 650 లాంటివాటికీ యాంప్ కొంటే అర్థం ఉంది. నీకు యాంప్ వల్ల పెరిగేది వాల్యూమ్ తప్ప ఇంకేం లేదు, ఆ డబ్బు మైకులో పెట్టు.

ఛార్జింగ్ పెడితే వచ్చే మోత హెడ్‌సెట్ తప్పు కాదు, కాబట్టి కొత్త హెడ్‌ఫోన్ కొన్నంత మాత్రాన పోదు. ఒకసారి ఛార్జర్ పీకి విను, మోత ఆగిపోతే పవర్ వైపు నుంచి వచ్చే చెత్త లాప్‌టాప్ లోపలి ఆడియో భాగంలోకి దూరుతోందన్నమాట. మూడు పిన్నుల ఛార్జర్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాడుతున్నావేమో చూడు, ఎర్తింగ్ ఉన్న సాకెట్‌కి మార్చి చూడు. అయినా పోకపోతే యూఎస్‌బీ డాంగిల్ పెట్టు. అందులో డిజిటల్ సిగ్నల్‌ని శబ్దంగా మార్చే డీఏసీ, చిన్న యాంప్ రెండూ ఉంటాయి, లాప్‌టాప్ లోపలి ఆడియోతో సంబంధం లేకుండా బయటే శబ్దం తయారవుతుంది. ఆపిల్ వాళ్ల టైప్ సి నుంచి 3.5 ఎంఎం డాంగిల్ చిన్నదే గానీ కొలతల్లో తనకన్నా చాలా ఖరీదైనవాటికి తీసిపోదు, విండోస్ లాప్‌టాప్‌లో మామూలుగా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దాని వాల్యూమ్ తక్కువ వస్తుంటుంది, ఫోన్‌కి కూడా వాడాలనుంటే వేరే కంపెనీది చూసుకో.

మైకు విషయంలో మనవాళ్లు బొత్తిగా అశ్రద్ధ. రోజంతా ఆఫీసు కాల్స్‌లో నీ గొంతు అవతలివాళ్లు వింటారు, జీతం వచ్చేది దాంతోనే కదా. రెండు వేలు అటూ ఇటూలో మావోనో, ఫిఫైన్ లాంటి కంపెనీల యూఎస్‌బీ మైకులు దొరుకుతాయి, ముందు వైపు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువ పట్టే కార్డియాయిడ్ రకం తీసుకో. ధర కన్నా ముఖ్యం దూరం: నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. రెండడుగుల దూరంలో మానిటర్ పక్కన పెడితే ఎంత మంచి మైకైనా నీ గొంతు కన్నా ఫ్యానూ కీబోర్డూ ఎక్కువ వింటుంది. టేబుల్ ఫ్యాన్ గాలి సూటిగా తగలకుండా చూడు, ఫోమ్ టోపీ పెట్టు. డిస్కార్డ్‌లో క్రిస్ప్ నాయిస్ సప్రెషన్ ఉంది, ఆన్ చేస్తే మిగిలిన ఫ్యాన్ మోతా, ఓపెన్ బ్యాక్‌లోంచి కారే శబ్దమూ చాలావరకు అవతలివాళ్లకి పోదు. కాలర్‌కి పెట్టుకునే బోయా మైకు అందరూ చెప్తారు, చవక, బాగుంటుంది, కానీ దానికి 3.5 ఎంఎం జాక్ కావాలి, నీ జాకే కదా మోత పెడుతోంది, అందుకే యూఎస్‌బీ అన్నాను.

ఒకటి అడుగుతా. నువ్వు ఎప్పుడూ మూడు వేలు దాటినది వినలేదు కదా, ఒకేసారి 12, 13 వేలు పెట్టే ముందు రెండు వేల దగ్గర దొరికే మంచి వైరు ఇయర్‌ఫోన్ ఒకటి, ఐఈఎం అంటున్నారు వాటిని, కొని విని చూడకూడదూ? ట్రూథియర్, సెవెన్ హెర్ట్జ్, మూన్‌డ్రాప్ లాంటి కంపెనీలు ఈ ధరలో చేస్తున్నవి చూస్తే నాకే ఆశ్చర్యం, ఇంత తేటగా వినిపించేవి ఒకప్పుడు ఈ డబ్బుకి దొరికేవి కాదు. పెద్ద సీఎస్ టోర్నమెంట్లలో ఆటగాళ్లు స్టేజీ మీద పెద్ద హెడ్‌సెట్ పెట్టుకుని కనిపిస్తారే, చాలామందికి కింద చెవుల్లో ఇవే ఉంటాయి, పైది జనం గోల వినపడకుండా. వీటితో గేమ్ ఆడి, నీ పాటలు వారం విను. తేడా తెలిసి ఇంకా కావాలనిపిస్తే 560ఎస్‌కి వెళ్లు, ఇయర్‌ఫోన్ ఫోన్‌కి ఉంటుంది. ఇదే చాలు అనిపిస్తే మిగతా డబ్బు ఇంకేదైనా చేసుకో. చెవిలో దూర్చుకుని గంటలు గడపడం అందరికీ పడదు, అమ్మ పిలుపు అసలు వినపడదు, అందుకే నీకు మొదటి మాటగా ఇది చెప్పలేదు.

కొన్నాక చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది చేయరు. ఈక్వలైజర్ ఏపీఓ అని విండోస్‌కి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, బేస్, పై శ్రుతులు ఎంతెంత ఉండాలో దాంట్లో మార్చుకోవచ్చు. ఒక్కో హెడ్‌ఫోన్ కొలతల్ని బట్టి ఆటోఈక్యూ అనే చోట సెట్టింగులు సిద్ధంగా దొరుకుతాయి, 560ఎస్‌వీ ఉన్నాయి. మాస్ బీట్లు, తీన్‌మార్ డప్పు వినేటప్పుడు ఓపెన్ బ్యాక్‌లో ఛాతీకి తగిలే దరువు రాదు, నిరుత్సాహపడకు, 100 హెర్ట్జ్ కింద ఒక 4 డెసిబెల్స్ పెంచు, పెంచినంతా ప్రీయాంప్‌లో, అంటే మొత్తం శబ్దం స్థాయిని మార్చే చోట, తగ్గించు, లేకపోతే శబ్దం పగులుతుంది. గేమ్‌కి బేస్ పెంచనిది, పాటకి పెంచినది, రెండు సెట్టింగులు దాచుకో.

పాత పాటల దగ్గర కాస్త గుండె దిటవు చేసుకో. మంచి హెడ్‌ఫోన్ చెడ్డ ఫైలుని దాచదు. ఎవరో పాత క్యాసెట్‌లోంచి ఎక్కించి, శబ్దం తుడిచే సాఫ్ట్‌వేర్‌తో గీకి యూట్యూబ్‌లో పెట్టిన పాట ఇప్పటిదాకా నీకు బాగానే ఉండి ఉంటుంది, ఇకమీదట నీళ్లలోంచి వచ్చినట్టు వినపడుతుంది. అదే పాట మ్యూజిక్ కంపెనీ పెట్టిన ఫైలు స్ట్రీమింగ్ యాప్‌లో వెతుకు, యాప్‌లో క్వాలిటీ పైమెట్టు మీద పెట్టు. ఇంకా కొన్ని తొలినాళ్ల స్టీరియో పాటల్లో తబలా అంతా ఒక చెవిలో, గొంతు ఇంకో చెవిలో ఉంటుంది, స్పీకర్లలో వింటే కలిసిపోయేది హెడ్‌ఫోన్‌లో వింతగా అనిపిస్తుంది. వైరు లూజు అనుకుని పీకి పెట్టకు, అది రికార్డింగే అంత.

వాల్యూమ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగం అవుతాయి, 90 దగ్గరికి వచ్చేసరికి వారానికి 4 గంటలే. నీ ఆఫీసు కాల్స్, పాటలు, గేమ్ కలిపితే ఆ 40 గంటలు గురువారానికే అయిపోతాయి. ఓపెన్ బ్యాక్‌తో ఉన్న అసలు ప్రమాదం ఇక్కడే: ఫ్యాన్ మోత వినపడకూడదని వాల్యూమ్ పెంచుతూ పోతాం. ఫ్యాను ఒక నంబర్ తగ్గించు, వాల్యూమ్ జోలికి పోకు. ఆడాక చెవుల్లో గుయ్‌మంటే ఆ వాల్యూమ్ ఎక్కువన్నట్టే.

కొనేటప్పుడు అమ్మేవాడి పేరు చూసుకో, ఆన్‌లైన్‌లో సెన్‌హైజర్, ఆడియో టెక్నికా పేర్లతో నకిలీలు తిరుగుతున్నాయి, అందరికన్నా మూడో వంతు తక్కువకి ఇస్తున్నాడంటే వదిలేయ్. ఇండియా వారంటీ, జీఎస్‌టీ బిల్లు ఉండాలి. సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న బావ తెచ్చిస్తానంటే ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందు కనుక్కో. కొన్న మొదటి రోజుల్లోనే రెండు గంటలు ఆపకుండా పెట్టుకుని చూడు, వాపసు గడువు దాటాక నొప్పి తెలిస్తే లాభం లేదు. 560ఎస్ కొత్తలో కణతల దగ్గర గట్టిగా పడుతుంది, కళ్లజోడు ఉంటే ఇంకా తెలుస్తుంది. రాత్రిళ్లు తలంత వెడల్పున్న పుస్తకాల దొంతరకి తొడిగి ఉంచితే కొన్నాళ్లకి వదులవుతుంది. వంద గంటలు పాట పెట్టి వదిలేస్తే శబ్దం మారుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో, మెత్తబడేది కుషన్లూ, అలవాటు పడేది నీ చెవులూ.

దాంతో వచ్చే వైరు 3 మీటర్లు, చివర లావుపాటి 6.3 ఎంఎం పిన్ను, దాన్ని 3.5కి మార్చే అడాప్టర్ పెట్టెలోనే ఉంటుంది. ఈ బరువంతా చిన్న డాంగిల్ మీద వేలాడితే డాంగిలూ పోతుంది, లాప్‌టాప్ పోర్టూ లూజవుతుంది, కాబట్టి ఆ జాయింటు బల్ల మీద ఆనేలా పెట్టి ఒక టేపు ముక్క అంటించు. మిగిలిన వైరు చుట్టి కట్టేయ్, కుర్చీ చక్రాల కిందకి పోనివ్వకు. ఒకవేళ నలిగినా వైరు ఊడుతుంది, విడిగా కొనొచ్చు, కాకపోతే కప్పు దగ్గర తిప్పి బిగించే రకం 2.5 ఎంఎం పిన్ను దానిది, మామూలు ఆక్స్ వైరు పట్టదు, కొనేటప్పుడు 560ఎస్‌కి సరిపోతుందని రాసి ఉన్నదే తీసుకో.